షికారు చేసి వచ్చిన అన్నం: వలెన్సియాలో నన్ను నిలబెట్టిన వాళ్లకి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నిన్న డాక్టరు నా చీలమండ ఎక్స్‌రే చూసి, ఇక రావక్కర్లేదని చెప్పారు. ఎప్పటి నుంచో రాయాలనుకున్న మాటలు ఇవాళ రాస్తున్నాను.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. పోయిన సెప్టెంబరులో మాస్టర్స్ చదవడానికి స్పెయిన్‌లోని వలెన్సియా వచ్చాను. వచ్చిన మూడో వారంలోనే, వాన వెలిసిన సాయంత్రం, ట్రామ్ స్టాప్ దగ్గర తడి పలకల మీద జారి పడ్డాను. కుడి కాలు చీలమండ విరిగింది. నాకు అప్పటికి వచ్చిన స్పానిష్ పది మాటలు కూడా ఉండవు. ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి 112కి ఫోన్ చేసి, అంబులెన్స్‌లో నాతో పాటు ఎక్కి, రాత్రి పదకొండు దాకా ఆసుపత్రిలో నా బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె పేరు అడగాలన్న ధ్యాస కూడా నాకు లేకపోయింది. మొదటి దండం ఆ అమ్మాయికి.

రెండోది మాడ్రిడ్‌లో ఉంటున్న విజయనగరం అన్నయ్యకి. నన్ను ఒక్కసారి కూడా చూడకపోయినా, ఆ రాత్రి డాక్టరు చెప్పిన ప్రతి మాటా ఫోన్లో తెలుగులో చెప్పాడు. ఇన్సూరెన్స్ కాగితాలు కూడా తనే చదివి పెట్టాడు. వీసా కోసం తప్పదు కదా అని ఇన్సూరెన్స్ తీసుకున్నాను, అందులో ఏముందో అప్పటిదాకా చూడలేదు. కొత్తగా వచ్చే వాళ్లు దయచేసి చూసుకోండి.

ఇక అసలు విషయం. నేను ఉండేది బెనిమాక్లెట్ అనే పేటలో, లిఫ్టు లేని పాత బిల్డింగులో, నాలుగో అంతస్తులో. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదన్నారు. ఇంట్లో చెప్పలేదు. అమ్మ వింటే అన్నం మానేస్తుందని భయం. రెండు రోజులు బ్రెడ్డు, అరటిపళ్లతో గడిపాను. మూడో రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. కింద మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ, చేతుల్లో గుడ్డ కప్పిన మట్టి మూకుడు పట్టుకుని నిలబడి ఉన్నారు. పైన ఒంటికాలి మీద గెంతుతున్న చప్పుడు విని వచ్చారట.

గుడ్డ తీస్తే లోపల అన్నం. పైన బంగాళదుంప చక్రాలు, టమాటాలు, శనగలు, నడి మధ్యలో పాయలు విడదీయని వెల్లుల్లి గడ్డ. మామూలుగా అందులో పంది మాంసం వేస్తారు, నేను తింటానో లేదో తెలియక వేయలేదన్నారు. ఓవెన్‌లో చేసే ఈ అన్నానికి వలెన్సియా భాషలో 'అర్రోస్ పస్సెజాట్' అని ఇంకో పేరుంది. షికారు చేసిన అన్నం అని అర్థం. ఇళ్లలో ఓవెన్లు లేని రోజుల్లో ఆడవాళ్లు మూకుడు ఇంట్లో సర్దుకుని, పేటలో రొట్టెలు కాల్చే బట్టీకి మోసుకెళ్లి, ఉడికాక మళ్లీ వీధి వెంట ఇంటికి తెచ్చుకునేవారట. "నువ్వు తిరగలేవు కాబట్టి అన్నమే నీ దగ్గరికి షికారు వచ్చింది" అన్నారావిడ. ఫోన్లో అనువాదం చూసి నేను ఏడ్చేశాను. దేశం కాని దేశంలో, శనగలు వేసిన వేడి వేడి అన్నం!

ఇక్కడ నాయనమ్మనీ అమ్మమ్మనీ 'యాయా' అంటారు. ఆ రోజు నుంచి ఆవిడ నాకు యాయా. నేను ఆవిడకి 'ఫిల్యా', అంటే కూతురు.

అక్టోబరు 9 వలెన్సియా వాళ్ల పండుగ. 1238లో జైమె రాజు నగరంలోకి వచ్చిన రోజు. ఆ రోజు మగవాళ్లు ఇష్టపడ్డ ఆడవాళ్లకి, బాదం ముద్దతో బుల్లి బుల్లి పళ్లలా, కూరగాయల్లా చేసిన మిఠాయిలు పట్టు రుమాల్లో మూటకట్టి ఇస్తారు. యాయా వాళ్లాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఇచ్చిన పాత రుమాల్లోనే మిఠాయి కట్టి నాకు తెచ్చారు. తిన్నాక రుమాలు తిరిగిచ్చేస్తే తీసుకోలేదు.

వచ్చిన నెలలోపు విదేశీయుల కార్డుకి దరఖాస్తు చేసుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. నా టెన్షన్ అంతా అదే. యాయా మనవడు, రెండో అంతస్తు కుర్రాడు కలిసి నన్ను వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు అంతస్తులూ దింపారు, మళ్లీ ఎక్కించారు. క్లాసులో తోటి వాళ్లు ఆరు వారాల నోట్సు పంపారు. మీ అందరి రుణం నాకు గుర్తుంది.

కట్టు విప్పాక డాక్టరు రోజూ కొంచెం నడవమన్నారు. ఆ కొంచెం ఎంతో యాయా నిర్ణయించారు. నేను ఈ ఊరు చూసింది అలా, కాలు ఎంత ఒప్పుకుంటే అంత.

మొదటి వారం బస్సులో సెంట్రల్ మార్కెట్‌కి. 1928లో తెరిచిన ఇనుము, గాజు, రంగు పలకల భవనం. గోపురం మీద గాలికి తిరిగే చిలక బొమ్మ ఉంటుంది. లోపల నారింజలు, ఉప్పు చేపలు, ఒక్కో రకానికి ఒక్కో పేరున్న టమాటాలు. ఒక కూరగాయల కొట్టావిడ, నేను కొన్న వాటి మీద గుప్పెడు పార్స్‌లీ ఆకు ఊరికే పడేసింది. మన రైతుబజార్లో కరివేపాకు కొసరు వేసినట్టే! నాకు ఊరు గుర్తొచ్చిందని యాయా ఆమెకి చెప్పారు. తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా ఆమె కొత్తిమీర కట్ట దాచి ఉంచుతోంది. ఎదురుగానే లోన్‌హా, పాత పట్టు వర్తకుల మందిరం. తాళ్లు పేనినట్టు మెలితిరిగిన ఆ స్తంభాల మధ్య బెంచీ మీద కూర్చుని కాలికి విశ్రాంతి ఇచ్చేదాన్ని.

గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి కెథెడ్రల్ గుమ్మం ముందు నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న రైతులే న్యాయమూర్తులు. నల్ల అంగీలు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు. బంట్రోతు ఒక్కో కాలువ పేరు పిలిచి ఫిర్యాదులున్నాయా అని అడుగుతాడు. వాదన అంతా నోటితోనే. నేను వెళ్లిన రోజు ఫిర్యాదులు లేవు, కాసేపట్లోనే అయిపోయింది. దాళ్వా రోజుల్లో నీటి వంతు కోసం రాత్రుళ్లు కాలువ గట్టు మీద కాపలా పడుకునే మా నాన్నకి ఆ వీడియో పంపాను. కాలు సంగతి అప్పుడే ఇంట్లో చెప్పాను కూడా. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత యాయాకి ఫోన్ ఇమ్మన్నాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

డిసెంబరులో అల్బొరాయా దాకా, పొలాల మధ్య నుంచి నడక. అక్కడ చూఫా గడ్డలు తవ్వుతున్నారు. వాటిని నానబెట్టి, రుబ్బి, పాలలా పిండి తీసి, అందులో చక్కెర కలిపితే ఓర్చాటా అనే పానీయం. పాలు చుక్క ఉండదు, చూడ్డానికి మాత్రం పాలే. పొడుగాటి మెత్తని ఫార్తోన్ బన్ను ముంచుకుని తింటారు. వీడియో కాల్‌లో ఆ మొక్క చూసి నాన్న, "అది తుంగే కదే, మనం కలుపని పీకి పారేస్తాం" అన్నాడు. నిజమే, తుంగ జాతే.

జనవరిలో తూరియా తోట. ఇది నది ఉండాల్సిన చోటు. 1957 అక్టోబరు 14న వచ్చిన వరదకి యాయాకి ఎనిమిదేళ్లు. మేడ మీద నుంచి వీధిలో బురద నీళ్లు చూసిన సంగతి నాకు చెప్పారు. తర్వాత నదిని ఊరికి దక్షిణంగా కొత్త దారిలోకి మళ్లించారు. ఎండిన పాత నదిలో పెద్ద రోడ్డు వేద్దామనుకుంటే జనం ఒప్పుకోలేదు, తోట కావాలని పట్టుబట్టారు. ఇప్పుడు దాదాపు 9 కిలోమీటర్లు, పాత వంతెనల కింద నుంచి నారింజ చెట్లు, ఆటస్థలాలు, చివర్లో, ఎక్కువ భాగం కలత్రావా అనే ఆర్కిటెక్టు రూపొందించిన 'కళల, సైన్సుల నగరం' అనే తెల్లటి భవనాలు. 2024 అక్టోబరు 29 వరదలో ఆ కొత్త నదే ఊరిని కాపాడింది, కానీ దానికి అవతలున్న ఊళ్లలో ఎంతోమంది పోయారు. పార పట్టుకుని వంతెన దాటి బురద ఎత్తడానికి వెళ్లిన వాళ్లలో, నన్ను కుర్చీలో మోసిన ఆ మనవడు కూడా ఉన్నాడు. ఆ సంగతి అతను చెప్పలేదు, యాయా చెప్పారు.

ఫిబ్రవరిలో మికలెట్ గంటల గోపురం, 207 మెట్లు. కింద బెంచీ మీద యాయా, పైన నేను. చెయ్యి ఊపితే రుమాలు ఊపారు.

మర్నాడు ఆదివారం అల్బుఫేరా సరస్సు ఒడ్డున ఎల్ పల్మార్‌లో, యాయా చుట్టాల ఇంట్లో పయేయా, అంటే పెనంలో వండే వలెన్సియా అన్నం. నారింజ కట్టెల మంట మీద వెడల్పాటి పెనం. కోడి, చిక్కుళ్లు, గర్రొఫో అనే పెద్ద తెల్ల గింజలు, టమాటా, కుంకుమపువ్వు. కుందేలు కూడా వేయాలి, నా కోసం మానేశారు. వడ్డన లేదు. పెనం చుట్టూ కూర్చుని, చెక్క గరిటెలతో ఎవరి ముందున్నది వాళ్లు తినాలి. అడుగున కరకరలాడుతూ పట్టే పొరని 'సొకర్రాట్' అంటారు, దాని కోసం పోటీ పడతారు. మా ఇంట్లో గిన్నె అడుగు మాడు కోసం అన్నయ్యతో దెబ్బలాడిన దాన్ని నేను. చుట్టూ వరి మళ్లు, నీళ్లు నిలిచి, కొంగలతో. మా ఊరి చేలల్లోనే ఉన్నట్టు అనిపించింది.

మార్చి 19 రాత్రి, ఫాయాస్ పండుగకి వీధుల్లో నిలబెట్టిన పెద్ద పెద్ద బొమ్మలు తగలబెట్టినప్పుడు మా వీధి మంట ముందు యాయా చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. వడ్రంగులు చలికాలం చివర పాత చెక్క తగలబెట్టడంతో ఈ పండుగ మొదలైందని చెబుతారు. మా భోగి మంట గురించి నాకు వచ్చిన స్పానిష్‌లో చెప్పాను. నా స్పానిష్ అంతా ఆవిడ నేర్పిందే.

యాయా, మీ మనవడు ఈ పోస్టుని ఫోన్లో మీకు చదివి వినిపిస్తానన్నాడు. రేపు ఆదివారం వంట నాది. పులిహోర చేసి, మీరు పంపిన మట్టి మూకుడులోనే పెట్టుకుని, రెండింటికి నేనే మెట్లు దిగి వస్తాను. తలుపు తీసి ఉంచండి.