పెంపుడు జంతువును ఒక్కరోజులో వదిలించుకోకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

'కుక్కను ఉచితంగా ఇస్తాం, బాగా చూసుకునేవాళ్లు కావాలి' అనే చిన్న ప్రకటనలు మీ పత్రికలో తరచూ కనిపిస్తున్నాయి. ఇల్లు మారడం, అనారోగ్యం, పిల్లల అలర్జీ... కారణం ఏదైనా, ఇచ్చేయాల్సి రావడం తప్పు కాదు. సామాన్లు సర్దుకునే రోజున, ముందుగా అడిగినవాళ్ల చేతిలో పెట్టేయడం మాత్రం తప్పే. కనీసం నాలుగైదు వారాల ముందే వెతకడం మొదలుపెట్టాలి.

ముందు పశువైద్యుడి దగ్గర పనులు పూర్తి చేయండి. రేబిస్‌తో పాటు మిగతా టీకాలు, నులిపురుగుల మందు వేయించి, తేదీలున్న కార్డును జంతువుతో పాటే ఇవ్వాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించకుండా ఆడకుక్కను ఉచితంగా ఇస్తే, ఈతల కోసమే పెంచి పిల్లల్ని అమ్ముకునేవాళ్ల చేతిలో పడే ప్రమాదం ఉంది. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే, దాని రికార్డులో యజమాని పేరు, ఫోన్ నంబరు మార్పించండి. లేదంటే కుక్క తప్పిపోయినప్పుడు ఫోన్ పాత ఇంటికే వస్తుంది.

ఇక దాపరికం. ఇచ్చిన జంతువులు తిరిగి రావడానికి ఇదీ ఒక కారణం. గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే ఒళ్లు బిగబట్టి, మూతి గిన్నెలోనే ఉంచి గబగబా తినే కుక్క ఉంటుంది. అది గుర్రుమనడానికి ముందు ఇచ్చే హెచ్చరిక. ఆ సంగతి చెప్పకుండా పాకే బిడ్డ ఉన్న ఇంటికి ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పిల్లలు లేని ఇంట్లో అదే కుక్క హాయిగా బతుకుతుంది. లోపం చెబితే ఎవరూ తీసుకోరన్న భయం అక్కర్లేదు. చెబితేనే తగిన ఇల్లు దొరుకుతుంది.

తీసుకుంటామన్నవాళ్ల ఇంటికి మీరే వెళ్లండి. గేటు కింద సందు, బాల్కనీ కడ్డీల మధ్య ఎడం చూడండి. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంతకు ముందు పెంచినది ఏమైంది అని అడగండి. ఇల్లు చూపించడానికి ఇష్టపడక, ఇవాళే ఇచ్చేయమని తొందరపెట్టేవాళ్లకు ఇవ్వకండి. రెండు వారాలు చూసి నిర్ణయించుకుందామని, వద్దనుకుంటే మళ్లీ మీకే అప్పగించాలని కాగితం మీద రాసుకోండి.

జంతువు పడుకునే దుప్పటిని ఉతక్కుండా పంపండి, ఆ వాసనే దానికి ధైర్యం. వారం రోజులకు సరిపడా పాత ఆహారం ఇచ్చి, కొత్తదాన్ని రోజూ కొంచెం కొంచెం పెంచుతూ కలపమనండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. కొత్తలో కుక్కను పట్టీ లేకుండా బయటికి వదలకూడదు. పిల్లిని ముందు ఒక్క గదిలో ఉంచాలి, రెండు మూడు వారాలు ఇల్లు దాటనివ్వకూడదు. పాత ఇంటిని వెతుక్కుంటూ వెళ్లి రోడ్డు మీద చనిపోయే పిల్లులున్నాయి. రెండు రోజులు ఏమీ తినకపోతే పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకునే ప్రమాదం ఉంది కాబట్టి వెంటనే వైద్యుడికి చూపించాలి.

తాబేలునో చిలుకనో 'వదిలేస్తే స్వేచ్ఛగా బతుకుతుంది' అనుకోవడం పొరపాటు. పంజరంలో పెరిగిన పక్షికి తిండి వెతుక్కోవడం రాదు. అక్వేరియంలో పెంచే రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలును చెరువులో వదిలితే స్థానిక తాబేళ్ల తిండి, చోటు లాక్కుంటుంది.

మీకో విన్నపం. జంతువు వయసు, టీకా వేయించిన తేదీ, ఆపరేషన్ అయిందో లేదో రాయని ప్రకటనను దయచేసి తీసుకోకండి. 'ఉచితం' అన్న మాట బదులు 'ఇల్లు చూసి ఇస్తాం' అని వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు