స్వామి వేషం ఎవరికి?

తల్లిదండ్రులకు నమస్కారం.

అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు ఈపాటికి మీకు అందే ఉంటాయి. వాటి సంగతి పేరెంట్స్ మీటింగ్‌లో మాట్లాడుకుందాం. ఈ నెల నేను రాయాల్సింది వార్షికోత్సవ నాటకం గురించి. ఆఫీసుకు వస్తున్న ఫోన్లు చాలావరకు దాని గురించే.

ఏడో తరగతి వాళ్లు ఆర్.కె. నారాయణ్ నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' నుంచి కొన్ని సన్నివేశాలు వేస్తున్నారు. స్వామి అనే బడిపిల్లాడు, రాజం, మణి లాంటి వాడి స్నేహితుల కథ అది. "మావాడు తెల్లగా ఉంటాడు కదండీ, పోలీసు అధికారి కొడుకు రాజం వేషం వాడికైతే నప్పుతుంది" అన్నారు ఒకరు. "బొద్దుగా ఉన్నాడనేగా మా బాబుకి మణి వేషం ఇచ్చారు?" అని ఇంకొకరు నొచ్చుకున్నారు. రంగు, ఒళ్లు చూసి మేం ఎవరికీ వేషం ఇవ్వలేదు, ఇవ్వం కూడా.

క్లాసులో పిల్లల గొడవ వేరు. వాళ్లది 'హ్యారీ పాటర్'. పుస్తకంలో హ్యారీ కళ్లు ఆకుపచ్చవి, సినిమాలో డేనియల్ రాడ్‌క్లిఫ్ కళ్లు నీలం. "అంత ముఖ్యమైన విషయం ఎలా వదిలేశారు మేడమ్?" అని ఒక పాప నన్నే నిలదీసింది. నిజానికి సినిమా తీసినవాళ్లు వదిలేయలేదు. ఆకుపచ్చ లెన్సులు పెట్టి చూశారు. పిల్లాడి కళ్లకు పడకపోవడంతో తీసేశారు. హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీకి పుస్తకంలో ముందు పళ్లు పెద్దవి. ఎమ్మా వాట్సన్‌కు కట్టుడు పళ్లు పెడితే మాట స్పష్టంగా రాలేదు, అవీ పక్కన పెట్టారు. పది, పదకొండేళ్ల పిల్లల సౌకర్యం ముందు పుస్తకంలోని వర్ణన ఓడిపోయింది. ఓడిపోవాల్సిందే అంటాను. అయినా ఆ పిల్లలు హ్యారీ, హెర్మయొనీ కాకుండా పోయారా? అలాగని పాప ఒప్పుకుందనుకోకండి. "అయితే సినిమాలో కళ్ల గురించి అన్నిసార్లు ఎందుకు చెప్పారు?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఇక మన స్వామి. నారాయణ్ ఆ పిల్లాడి ముఖం వర్ణించడం కంటే, వాడి బుర్రలో ఏం తిరుగుతోందో చెప్పడానికే ఎక్కువ పేజీలు ఖర్చుపెట్టారు. మేం ఎంచుకున్న సన్నివేశమే చూడండి. సెలవుల్లో నాన్న పిలిచి లెక్క ఇస్తాడు: రాముడి దగ్గర పది మామిడిపళ్లున్నాయి, వాటికి పదిహేను అణాలు రావాలి. కృష్ణుడికి నాలుగే కావాలి. ఎంత ఇవ్వాలి? స్వామికి ముందు నోరూరుతుంది. తర్వాత, పది పళ్లకు పదిహేను అణాలు కావాలని పట్టుబట్టిన ఈ రాముడు ఎలాంటివాడు అని ఆలోచనలో పడతాడు. తన క్లాసు శంకర్‌లాంటివాడై ఉంటాడని తేల్చుకుంటాడు. పాపం కృష్ణుడి మీద జాలి పుడుతుంది. చివరికి నాన్నను అడుగుతాడు, ఆ పళ్లు పండినవేనా అని. (మా లెక్కల మాస్టారు ఇది చదివి నవ్వలేదు. "ఆరణాలు" అని జవాబు చెప్పి వెళ్లిపోయారు.)

పుస్తకంలో ఇదంతా చదువుకుంటూ పోవచ్చు. స్టేజీ మీద ఆ పిల్లాడి నోట ఒక్క ప్రశ్నే వస్తుంది, మిగతాదంతా ముఖంలో కనపడాలి. దూరదర్శన్‌లో శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్' చూసి పెరిగిన వాళ్లు మీలో చాలామంది ఉంటారు. అందులో స్వామిగా మాస్టర్ మంజునాథ్‌ను చూసినప్పుడు 'వీడి మనసులో ఏదో నడుస్తోంది' అనిపిస్తుంది. అది రంగుతో, పొడుగుతో వచ్చేది కాదు. తర్వాత 'స్వాతికిరణం'లో గురువుగారి అసూయకు బలైన గంగాధరం ఆ అబ్బాయే.

అందుకే మేం పిల్లలకు డైలాగు ఇవ్వలేదు. ఆ లెక్క కాగితం చేతికిచ్చి, ఊరికే చదువుకోమని చెప్పి, చూస్తూ కూర్చున్నాం. చాలామంది వెంటనే మా వైపు చూసి నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, మధ్యలో ఆగి, కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయింది. స్వామి వేషం ఆమెకే. అమ్మాయికి అబ్బాయి వేషమేమిటని అడిగిన పెద్దలకు ఒక్కటే మనవి: ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావుగారి సత్యభామను చూడటానికి జనం బళ్లు కట్టుకుని వెళ్లిన నాటకరంగం మనది.

ఇంట్లో దయచేసి "చెయ్యి ఇలా తిప్పు, ఇక్కడ ఏడువు" అని నేర్పకండి. 1955లో వచ్చిన బెంగాలీ సినిమా 'పథేర్ పాంచాలి'లో అపు అనే పిల్లాడిగా వేసిన సుబీర్ బెనర్జీకి నటన కొత్త. రెల్లుపూల మధ్య అక్కను వెతుక్కుంటూ నడవమంటే తిన్నగా నడుచుకుంటూ పోయాడు. దర్శకుడు సత్యజిత్ రాయ్ వాడికి హావభావాలు నేర్పలేదు. దారిలో అక్కడక్కడా పుల్లలు పడేయించారు, పక్కన దాక్కున్న మనుషుల చేత పిలిపించారు. పిల్లాడు పుల్లలు దాటుకుంటూ, పిలుపు వచ్చిన వైపు తల తిప్పుతూ నడిచాడు. మా తెలుగు టీచరు కూడా ఇదే పద్ధతిలో రిహార్సల్స్ చేయిస్తున్నారు. ఇంట్లో వేరే పాఠం చెబితే ఆవిడ మళ్లీ మొదటికి రావాలి.

ఇంకో సంగతి. షూటింగులకూ ఆడిషన్లకూ సెలవు అడుగుతున్న తల్లిదండ్రులు కొందరున్నారు. కాదనను, కానీ నిబంధనలు తెలుసుకుని రండి. 2017 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నియమాల ప్రకారం బాల నటుల చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి షూటింగ్ ఉండకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చదువు ఆగకుండా చూడటం కూడా ఆ నియమాల్లోనే ఉంది. కాబట్టి సెలవు చీటీతో పాటు ఆ అనుమతి కాపీ కూడా జతచేయండి. "సినిమా వాళ్లు నోటిమాటగా చెప్పారండీ" అంటే సంతకం పెట్టలేను.

రిహార్సల్స్ మంగళ, గురువారాల్లో బడి అయ్యాక నాలుగున్నర దాకా ఉంటాయి. బస్సులో వెళ్లే పిల్లలకు ఆ రోజుల్లో రెండో ట్రిప్పు ఉంటుంది. నాటకంలోని పెద్దల వేషాల కోసం పాత పంచె ఒకటి, నేత చీర ఒకటి ఎవరైనా ఇవ్వగలిగితే పేరు రాసి ఆఫీసులో ఇవ్వండి, ఉతికి తిరిగి పంపిస్తాం. మేకప్ మనిషిని పిలవడం లేదు. ముఖానికి పౌడరు కూడా వద్దు. లైబ్రరీలో పుస్తకం కాపీలు నాలుగున్నాయి. నాటకంలో లేని పిల్లలు కూడా ఇంటికి తీసుకెళ్లవచ్చు, మీరూ చదవవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు