టీ బ్యాగు పుణ్యమా అని ఇల్లు దొరికింది

మోఆబిట్, బెర్లిన్
శనివారం మధ్యాహ్నం

ఒసేయ్ బుజ్జీ,

తిట్టుకో, ఎంత కావాలంటే అంత తిట్టుకో. నీ మెసేజ్‌లన్నీ చూశాను. నీలం టిక్కులు పడ్డా జవాబు రాలేదని అలిగావనీ తెలుసు. కానీ ఇది ఫోన్లో రెండు ముక్కలు కొట్టి పారేసే సంగతి కాదే, కూర్చుని రాయాలి. ఇన్నాళ్ళూ కూర్చోవడానికి నాదంటూ ఒక కుర్చీ లేదు. ఇప్పుడుంది. కుర్చీ ముందు బల్ల, బల్ల ముందు కిటికీ కూడా. అర్థమైందా? ఇల్లు దొరికింది!

ముందు మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తాను. క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలయ్యాయి. ప్రొఫెసరు పాఠం ఇంగ్లిష్‌లో చెప్తాడు, జోకులు మాత్రం జర్మన్‌లో వేస్తాడు. జలుబు తగ్గింది. అక్క పెళ్ళి మాఘంలో, నేను రాలేను, ఆ సంగతి ఇప్పుడు ఎత్తకు. నీ ప్రమోషన్ గురించి విన్నాను, పార్టీ బాకీ. అయిపోయాయి. ఇక అసలు కథ.

నేను ఇక్కడే స్పాండావు అనే పేటలో మా పిన్ని ఆడపడుచు కూతురింట్లో దిగానని చెప్పాను కదా. పాపం, వాళ్ళు ఒక్క మాట అనలేదు. హాల్లో సోఫా ఇచ్చారు, పొద్దున్నే ఇడ్లీలు పెట్టారు. కానీ రాత్రిళ్ళు అక్కా బావా వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే నాకు నిద్ర పట్టేది కాదు. నా గురించే అయ్యుండక్కర్లేదు, వాళ్ళ ఇంటి లోను గురించైనా కావచ్చు. అయినా పెట్టె విప్పి బట్టలు సర్దుకోవడానికి మనసొప్పలేదు. టూత్‌బ్రష్ కూడా హ్యాండ్‌బ్యాగులోనే. ఏదో ఒక రోజు... సరే, అది వదిలేయ్.

ఇక్కడ ఇల్లు వెతకడమంటే మీ మారతహళ్ళిలో పీజీ వెతుక్కోవడం కాదు. అక్కడ అడ్వాన్స్ కట్టావంటే తాళం చేతికొస్తుంది. ఇక్కడ డబ్బున్నా ఇవ్వరు. స్టూడెంట్ హాస్టళ్ళు ఉన్నాయి, అద్దె తక్కువ, అందుకే వరస కొల్లేరంత. నా పేరూ రాయించాను, సెమిస్టర్లు పట్టవచ్చట. మిగిలిన దారి, నలుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక గది ఖాళీ అయితే అందులో చేరడం. ఇక్కడి పిల్లల్లో చాలామంది అలాగే ఉంటారు. ఒక్క గదికి ప్రకటన పడిందంటే పూట గడవకుండానే వందల ఉత్తరాలు. నేను రాసినవాటిలో ఎక్కువ భాగానికి జవాబే లేదు. నా పేరు చూసి పక్కన పెట్టేశారా, నా జర్మన్ చూసి నవ్వుకున్నారా, లేక చదవనే లేదా... ఆ ఆలోచన మొదలైతే ఆగదు కాబట్టి ఆపేస్తున్నాను.

మధ్యలో ఒక మహానుభావుడు తగిలాడు. ఫ్లాట్ ఫొటోలు చూస్తే కళ్ళు తిరిగాయి. యూనివర్సిటీకి నడిచివెళ్ళే దూరం, పాలరాతి బాత్రూము, అద్దె చూస్తే మన కాకినాడ రేటు. ఓనరు గారు లండన్‌లో ఉంటారట. డిపాజిట్ వేస్తే తాళాలు పోస్టులో పంపుతారట! "ముందు తాళాలు పంపండి, డబ్బు నేను పోస్టులో పంపుతాను" అని రాశాను. మళ్ళీ చప్పుడు లేదు.

ఇంకొకావిడ గది ఇస్తానంది కానీ "అడ్రస్ రిజిస్ట్రేషన్ కుదరదు" అంది. అసలు టెన్షన్ అక్కడే. ఇక్కడ ఇంట్లో చేరిన 14 రోజుల్లోపు ఆ అడ్రస్‌ని గవర్నమెంటు ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలి. నమోదైతేనే పోస్టులో ట్యాక్స్ నంబరు వస్తుంది. అది ఉంటేనే పార్ట్‌టైమ్ ఉద్యోగం జీతం సక్రమంగా పడుతుంది. వీసా పొడిగింపుకీ ఆ అడ్రసే దిక్కు. అంటే ఇల్లుంటే సరిపోదు, ఆ ఇంట్లో నువ్వున్నావని కాగితం ఒప్పుకోవాలి. వీసా కోసం తెరిచిన బ్లాక్డ్ అకౌంట్లో నాన్న వేసిన 11,904 యూరోలు ఉన్నాయి, నెలకి 992 చొప్పున వదులుతారు. ఆ డబ్బు పెట్టుకుని కూడా సోఫా మీద పడుకున్నానంటే చూడు.

సరే, ఇక మోఆబిట్ ప్రకటన. గది 14 చదరపు మీటర్లు, హీటింగ్‌తో కలిపి 520 యూరోలు, రిజిస్ట్రేషన్ కుదురుతుంది. చివర్లో ఒక ప్రశ్న పెట్టారు: "వంటింట్లో మీకు ఒళ్ళు మండించేది ఏమిటి? జవాబు లేని ఉత్తరాలు చదవం." అందరూ ఏదో శుభ్రత, పరస్పర గౌరవం అని రాసి ఉంటారు. నాకు మన రామారావుపేట గది గుర్తొచ్చింది. "తడి చెయ్యి ఉప్పు డబ్బాలో పెట్టేవాళ్ళు. అలాంటి ఒకదానితో మూడేళ్ళు కాపురం చేశాను, ఇంకా ప్రాణంగానే చూసుకుంటున్నాను" అని రాశాను. అవునే, నీ గురించే! నీ పాపం నాకు ఇలా పనికొస్తుందని ఎవరనుకున్నారు? మర్నాడే జవాబు: గురువారం సాయంత్రం ఏడింటికి రా, నీకు అరగంట, నీ తర్వాత ఇంకొకరు వస్తారు.

ఇది చదవగానే నువ్వు పెళ్ళిచూపులంటావని తెలుసు. అనకు. అక్కడ కనీసం పకోడీలు పెడతారు.

ఇల్లు ఎక్కడుందంటే, రోడ్డు మీద కనబడే భవనం కాదు. దాని కిందనుంచి దూరి వెళ్తే నాలుగు వైపులా గోడలున్న ఇరుకు పెరడు, చెత్త డబ్బాలు, సైకిళ్ళు, వాటి వెనక ఇంకో భవనం. అందులో నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. నేను ఎక్కుతుంటే ఒకబ్బాయి దిగుతున్నాడు, చేతిలో ఖాళీ కేకు డబ్బా. మన పని గోవిందా అనుకున్నాను. కేకు తెచ్చినవాడి తర్వాత ఉత్త చేతులతో నేను!

తలుపు తీసినామె ఆరడుగుల మనిషి, మెడిసిన్ చదువుతోంది. జుట్టు ముడి, చేతులు కట్టుకోవడం, గుమ్మంలోనే చెప్పుల వైపు చూడటం. ఇక పేరు పెట్టక్కర్లేదు కదా, వార్డెన్. రెండోవాడు హిస్టరీ విద్యార్థి. ఏమడిగినా ముందు శతాబ్దం నుంచి మొదలుపెడతాడు, వాడు సోషల్ సార్. ఈ పెరడు ఇంత ఇరుకేమిటని అడిగాను, పాపం మర్యాద కోసం. 1853 నాటి నిబంధన ప్రకారం అగ్నిమాపక బండి తిరగడానికి చోటుంటే చాలని, 5.34 మీటర్ల పొడవూ వెడల్పూ వదిలి, మిగతాదంతా కట్టేసి కూలీలకు అద్దెకిచ్చేవారని చెప్పుకొచ్చాడు. నా అరగంటలో ఐదు నిమిషాలు అలా హారతి. మూడో అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని అల్లుకుంటోంది. హలో అంది, అంతే. మౌనవ్రతం.

ప్రశ్నలు మొదలయ్యాయి. పొద్దున్న ఎన్నింటికి లేస్తావు? స్నానం ఎంతసేపు? పార్టీలు ఇష్టమా? గిన్నెలు వెంటనే కడుగుతావా, నానబెట్టి కడుగుతావా? వంట వాసనల గురించి వార్డెన్ కాస్త నసిగింది. అప్పుడే పొయ్యి మీద ఉడుకుతున్న వాళ్ళ క్యాబేజీ వైపు చూసి నవ్వి ఊరుకున్నాను. దాని ముందు మన ఇంగువ ఏపాటి? నేనూ ఒకటి అడిగాను: ఆదివారం మిక్సీ వేసుకోవచ్చా అని. ఇక్కడ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు తెలుసా? గోడకి మేకు కూడా కొట్టరు. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. "ఎంతసేపు?" "కొబ్బరి పచ్చడికి రెండు నిమిషాలు." సోషల్ సార్ అది ఫోన్లో రాసుకున్నాడే, ఒట్టు.

అప్పుడు వార్డెన్ నా కప్పులోంచి టీ బ్యాగు తీసి, దారం పట్టుకుని గాల్లో వేలాడదీసి, "దీన్ని ఏ డబ్బాలో వేస్తావు?" అంది.

చూడు, కింద పెరట్లో కాగితానికో డబ్బా, తడి చెత్తకో డబ్బా, ప్లాస్టిక్కూ రేకుకూ కలిపి ఒకటి, ఇవేవీ కానిదానికి ఇంకోటి. గాజు సీసాల్లో తెల్లవి వేరు, రంగువి వేరు. హైదరాబాదులో నేను చేసిన జర్మన్ కోర్సులో డేటివ్ కేసు అనే వ్యాకరణం చెప్పారు గానీ టీ బ్యాగు చెప్పలేదు. నేను ఆ వేలాడేదాన్ని పరీక్షగా చూశాను. లోపల ఆకు. చుట్టూ పల్చటి కాగితం. దారం. దారం చివర అట్ట ముక్క. అన్నిటినీ పట్టి ఉంచుతూ చిన్న ఇనప పిన్ను. "పిన్ను తీసెయ్యాలా?" అన్నాను.

అంతే! వార్డెన్ "అవసరం లేదు, మొత్తం తడి చెత్తలోకే" అంది. సోషల్ సార్ "అట్ట కాగితం డబ్బాకి, పిన్ను రేకు డబ్బాకి, రెండేళ్ళ నుంచి చెప్తున్నా" అన్నాడు. ఇంగ్లిష్ పోయి జర్మన్ వచ్చింది. జర్మన్‌లోంచి జూన్‌లో ఎవరో కడగని పెనం వచ్చింది. పెనంలోంచి బాత్రూములో జుట్టు వచ్చింది. ఫ్రిజ్ మీద అంటించిన శుభ్రం చేసే వంతుల కాగితం ఊడదీసి బల్ల మీద పరిచారు. ఎవరి వంతు ఎవరు ఎగ్గొట్టారో వేళ్ళు పెట్టి మరీ చూపించుకుంటున్నారు. నేను మెల్లగా టీ తాగుతున్నాను. టీ బాగుంది కూడా.

కాసేపటికి బజర్ మోగింది. ఎవరూ కదల్లేదు. మళ్ళీ మోగింది. ఆ వచ్చేది నా తర్వాతి మనిషి, అంటే నా పోటీదారు. పాపం చలిలో నిలబడి ఉంటుంది. నేనే లేచి, నడవాలోకి వెళ్ళి, గోడకున్న మీట నొక్కి కింద తలుపు తెరిచాను. నాలుగంతస్తులు ఎక్కొచ్చి రొప్పుతుంటే లోపలికి పిలిచి, "చెప్పులు అక్కడ విప్పు, టీ పెట్టనా?" అన్నాను. వార్డెన్ నోరు తెరుచుకుని చూస్తోంది. అప్పుడు కిటికీ దగ్గర్నుంచి మౌనవ్రతం అల్లిక ఆపకుండా, ఆ సాయంత్రానికంతా ఒకే ఒక్క వాక్యం పలికింది: "పిన్ను తియ్యాల్సిందే."

ఆ రాత్రి స్పాండావు వెళ్ళే రైల్లో నాకెందుకో ఏడుపొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఇల్లు రాదనే అనుకున్నాను. వాళ్ళ పోట్లాట అంతా చూసినదాన్ని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా? మనమైతే పెట్టుకోం. కానీ ఆ బల్ల, ఆ అరుపులు, నువ్వూ నేనూ గ్యాస్ బండ డబ్బుల దగ్గర కొట్టుకోవడం... ఆ ఇంట్లో నాకు గది రాకపోతే బాధగా ఉంటుందని అప్పుడే తెలిసింది. అంతకుముందు చూసిన ఏ గదికీ అలా అనిపించలేదు.

మర్నాడు రాత్రి మెసేజ్, వార్డెన్ నుంచి: "నువ్వు అప్పటికే ఇక్కడ ఉంటున్నదానిలా తలుపు తీశావు. ఒకటో తారీఖున రాగలవా?"

రాగలనా!

డిపాజిట్ విషయం వింటే మీ బెంగళూరు ఓనర్లకి జ్వరం వస్తుంది. హీటింగ్, నీళ్ళ ఖర్చులు తీసేసిన అద్దెకు మూడు నెలలది మించి అడగకూడదని ఇక్కడ చట్టం. ఇల్లు వార్డెన్ పేరు మీద ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్ కాగితం మీద తనే సంతకం పెట్టింది. మంగళవారం అపాయింట్‌మెంట్ కూడా దొరికింది, ఊరికి ఆ చివర. నగరంలో ఏ ఆఫీసులోనైనా చేయించుకోవచ్చు. ఇక్కడ్నుంచి యూనివర్సిటీకి మెట్రోలో వెళ్తే జూ స్టేషన్లో మారి ఒక్క స్టాపు. సైకిల్ కొంటే నది దాటి ఇట్టే వెళ్ళిపోవచ్చు. ఈ పేటలో పెద్ద క్రిమినల్ కోర్టు, దాన్ని ఆనుకుని జైలు ఉన్నాయి. అమ్మకి కోర్టు వరకే చెప్పాను, "లాయర్లుండే మంచి ఏరియా అన్నమాట" అని సంతోషించింది. సోషల్ సార్ మగవాడన్న సంగతి కూడా ఇంకా చెప్పలేదు. నోరు జారావో, చంపుతాను.

బల్లా దీపమూ వీధిలో దొరికాయి. ఇక్కడ అక్కర్లేని సామాన్లు "తీసుకోండి" అని చీటీ పెట్టి గుమ్మం బయట ఉంచుతారు. ఈ సంగతి కూడా అమ్మకి వద్దు.

అన్నట్టు మరిచాను, ఇక్కడ ఫ్లాట్లకి నంబర్లుండవు! పోస్టు డబ్బా మీద, కింద బజర్ మీద పేరు ఉండాలి, లేకపోతే ఉత్తరం వెనక్కే. మా ఇంటిపేరు సంగతి నీకు తెలుసుగా, టెన్త్ హాల్‌టికెట్‌లోనే పట్టలేదు. సోషల్ సార్ స్కేలు పెట్టి కొలిచి, అక్షరాలు చిన్నవి చేసి, మూడు చీటీలు పాడు చేసి, నాలుగోదానికి...

అయ్యో, వార్డెన్ తలుపు కొడుతోంది. సీసాలు పడేసే వంతు ఈ వారం నాదట. రేపు ఆదివారం, గలగలమని చప్పుడు చేయకూడదు కాబట్టి ఇవాళే వేసి రావాలి. రెండు సంచులున్నాయి, అన్నీ సోషల్ సార్ తాగినవే. నీ సంబంధం విషయం ఏమైంది, అదే, ఆ కర్నూలు అబ్బాయి? వివరంగా రాయి. ఫోటో పంపు, ఫిల్టర్ లేకుండా. వస్తున్నా, వస్తున్నా అంటే వినదే ఈ పిల్ల! ఉంటానే.

నీ
పొట్టి