లూజు కనెక్షన్ సంగతి కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో 'నాలుగో న్యూట్రినో దొరికినట్టే!' అన్న వ్యాసం చదివాను. న్యూట్రినోలంటే దేన్నయినా దాదాపు తగలకుండా దూసుకుపోయే అతి చిన్న కణాలు. ఇప్పటికి ఖాయంగా తెలిసినవి మూడు రకాలే. టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్లు కేబుళ్లు అతికినవాణ్ణే గానీ ఫిజిక్సు చదివినవాణ్ణి కాదు. అయినా ఆ 'దొరికినట్టే' నాకు మింగుడుపడలేదు.

2011 సెప్టెంబరు గుర్తుందా? జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల నుంచి భూమిలోంచి 730 కిలోమీటర్లు వెళ్లిన న్యూట్రినోలు ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు కాంతికన్నా 60 నానోసెకన్లు ముందే చేరాయన్నారు. చిక్కడపల్లి టీకొట్టు దగ్గర మేం, కాంతి వేగాన్ని ఏదీ మించలేదన్న ఐన్‌స్టీన్‌కు పిండాలు కూడా పెట్టేశాం. తీరా చూస్తే, జీపీఎస్ టైమును గడియారానికి తెచ్చే ఫైబర్ కనెక్టర్ సరిగ్గా బిగుసుకోలేదట. అది చదివి నవ్వుకున్నాను. ఓ వానాకాలం రాత్రి మేమూ లైనులో లోపం వెతుకుతూ రూటంతా నడిచి మ్యాన్‌హోళ్లన్నీ తెరిచాం. చివరికి ఎక్స్ఛేంజీలోనే, నేను పెట్టిన ప్యాచ్ కార్డే (పరికరాలను కలిపే చిన్న ఫైబర్ కేబులు) సగం ఊడి ఉంది! పూర్తిగా ఊడితే లైను చచ్చిపోతుంది, వెంటనే తెలుస్తుంది. సగం ఊడితే లైటు సన్నగిల్లుతుంది, అంతే. అక్కడా అదే జరిగింది. వెలుగు తగ్గి సిగ్నల్ ఆలస్యంగా నమోదైంది, న్యూట్రినోలు తొందరపడ్డట్టు కనిపించాయి.

అలాగని ప్రతి తేడా లూజు కనెక్షనే అనను. అమెరికాలోని హోమ్‌స్టేక్ గనిలో శాస్త్రవేత్త రే డేవిస్‌కు సూర్యుడి న్యూట్రినోలు లెక్కలో మూడోవంతే దొరికేవి. ఏళ్ల తరబడి ఆయన లెక్కనే అనుమానించారు. న్యూట్రినోలు దారిలో రకం మారుతున్నాయని తరవాత తేలింది, 2002లో ఆయనకు నోబెల్ వచ్చింది.

నాలుగో రకానికి ఆధారంగా మీ వ్యాసం అమెరికాలోని లాస్ అలమోస్‌లో, ఫెర్మీల్యాబ్ మినీబూన్ ప్రయోగంలో లెక్కకు మించి కనిపించిన సంకేతాల గురించి బాగానే చెప్పింది. మినీబూన్ డిటెక్టరుకు ఎలక్ట్రానుకూ ఫోటానుకూ (కాంతి కణానికీ) తేడా సరిగ్గా తెలిసేది కాదు, కాబట్టి ఆ అదనం ఎలక్ట్రాన్ న్యూట్రినోలు అనే రకానిది కాకపోవచ్చు. అందుకే ఆ తేడా పట్టేలా ద్రవ ఆర్గాన్‌తో మైక్రోబూన్ అనే డిటెక్టరు కట్టారు. 2021లో దానికి ఆ అదనపు ఎలక్ట్రాన్ న్యూట్రినోలు కనిపించలేదు. ఈ ముక్క మీ వ్యాసంలో లేదు. రష్యాలోని బక్సాన్‌లో గాలియం లోహంతో చేసిన ప్రయోగంలో ఐదో వంతు తగ్గిన న్యూట్రినోల లెక్కకు మాత్రం ఇంకా జవాబు లేదు. అదీ మీరు రాయలేదు.

మైక్రోబూన్ సంగతి అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. ఇంటర్ చదివే మా మనవరాలు మీ వ్యాసం కత్తిరించి గోడకు అంటించింది. పక్కన కాస్త ఖాళీ ఉంచమన్నాను.

- విశ్రాంత టెలికాం ఉద్యోగి, వారాసిగూడ, హైదరాబాద్