ఆర్డినేషన్ అర్హతలు మార్చేముందు 1947 ఏర్పాటు చూడండి

సంపాదకుడు గారికి,

ఆర్డినేషన్‌కు, అంటే పాదిరిగా అభిషేకించడానికి, బీడీ (వేదాంత డిగ్రీ) పట్టా తప్పనిసరిగా ఉండాలా, ఏళ్ల తరబడి గ్రామ సంఘాలను నడిపిన, ఆర్డినేషన్ లేని ఉపదేశకులకు సడలింపు ఇవ్వాలా అన్న వాదన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో ఎప్పుడు లేచినా, రెండు వైపులవారూ బైబిలు తెరిచి వాక్యాలు చదవడంతోనే పొద్దుపోతుంది. ఒకరు సంఘ నాయకుడి అర్హతలు చెప్పే తిమోతి పత్రిక తీస్తారు. ఇంకొకరు జాలరి పేతురు ఏ కాలేజీలో చదివాడని అడుగుతారు. అసలు చిక్కు మాత్రం పాస్టరేటు (ఒక పాదిరి కిందుండే ఊళ్ల సంఘాలు) లెక్కల్లో ఉంది.

ఒకే పాస్టరేటు కింద పదీ పదిహేను ఊళ్లుండటం మామూలే. ఆదివారం ఆరాధన, ఇంటి ప్రార్థనలు, పిల్లలకు పాఠాలు ఉపదేశకుడు చూసుకుంటాడు. ప్రభురాత్రి భోజనం ఇవ్వాలంటే మాత్రం ప్రెస్బిటర్, అంటే పూర్తి ఆర్డినేషన్ పొందిన పాదిరి, రావాలి. ఆయన కంటే ఒక మెట్టు కిందుండే డీకన్ పంచిపెట్టడంలో సాయపడగలడే గానీ తానుగా జరిపించలేడు. నెలకు నాలుగు ఆదివారాలు, ఊళ్లేమో పన్నెండు. మూడు నెలలకోసారి వంతు వస్తే గొప్ప. అర్హత పెంచితే ఆ వంతు ఇంకా దూరం జరుగుతుంది. తగ్గిస్తే వేరే తంటా: ఆర్డినేషన్ తేదీని బట్టే సీనియారిటీ, జీతం స్కేలు, బదిలీలు నడిచేచోట, బీడీ చేసి వచ్చిన యువకుడు తనకంటే ముందు ఆర్డినేషన్ పొందిన ఉపదేశకుడి వెనక నిలబడాలి. టౌను సంఘాలవారు "మాకు చదువుకున్న అయ్యగారే కావాలి" అంటారు. గొడవ అక్కడ రాజుకుంటుంది, దానికి వేదాంతం రంగు తర్వాత పూస్తారు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు పెద్ద డిగ్రీల కోసం ఆగలేదు. పల్లెల్లో పనిచేస్తున్న తెలుగువారికి తెలుగులోనే వేదవిద్య నేర్పించారు. దోర్నకల్ వేదపాఠశాలలో భర్తలతో పాటు భార్యలకూ శిక్షణ ఉండేది. అది అర్హతను దించడమని నేననుకోను. పని ఎక్కడుందో చూసి దానికి తగిన శిక్షణ ఇవ్వడం అది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు సంప్రదాయాల సంఘాలు కలిసి సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఇంతకంటే పెద్ద పేచీనే తీర్చారు. ఆంగ్లికన్లకు (ఇంగ్లండు సంఘపు సంప్రదాయంవారికి) బిషప్ హస్తనిక్షేపణ, అంటే తలమీద చేతులుంచడం, లేనిదే ఆర్డినేషన్ లేదు. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్, మెథడిస్టు పాదిరులెవరికీ ఆ హస్తనిక్షేపణ జరగలేదు. అప్పుడు చేసిన ఏర్పాటు ఇది: అప్పటికే ఉన్నవారికి రెండోసారి ఆర్డినేషన్ చేయరు, ఆ రోజు నుంచి కొత్తగా చేసేవన్నీ బిషప్ చేతుల మీదుగానే. విదేశాల్లోని మాతృసంఘాల నుంచి వచ్చే పాదిరులను మరో 30 ఏళ్ల దాకా ఉన్నవారిని ఉన్నట్టే చేర్చుకుంటారు, ఆ తర్వాత మినహాయింపుల సంగతి మళ్లీ కూర్చుని తేలుస్తారు. దీనికి తోడు, మనస్సాక్షి ఒప్పని పరిచర్యను ఏ సంఘం మీదా రుద్దబోమని లిఖితపూర్వకంగా మాట ఇచ్చారు. ఆ చివరి మాట లేకపోతే మిగతాదంతా కాగితం మీదే ఉండిపోయేది.

అంత చేసినా అందరూ రాలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు పెద్దసంఖ్యలో బయటే ఉండిపోయారు. వారు సీఎస్ఐలో చేరింది 1970లలో. ఇంగ్లండులో 1948లో జరిగిన లాంబెత్ సభలో (ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పుల సమావేశం) కూడా సీఎస్ఐ ఆర్డినేషన్ల మీద బిషప్పులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. స్త్రీలకు ప్రెస్బిటర్‌గా ఆర్డినేషన్ సీఎస్ఐలో 1976లోనే మొదలైంది. ఇంగ్లండు సంఘంలో అది 1994లో గానీ జరగలేదు. సీఎస్ఐకి మొదటి మహిళా బిషప్ 2013లో వచ్చారు, అదీ ఒకప్పుడు దూరంగా నిలిచిన నంద్యాలకే. బయట నిలబడ్డవారిని వెలివేసి తలుపు మూసి ఉంటే ఇది జరిగేదా?

ఇప్పుడు ఏ డయాసిస్ (ఒక బిషప్ పరిధి) కౌన్సిల్ తీర్మానం రాసినా, "అర్హులైన ఉపదేశకులకు సడలింపు" అన్న ఒక్క ముక్కతో వదిలేయకూడదు. అర్హత అంటే ఎన్నేళ్ల సేవ, ఏ పరీక్ష, ఎవరు పెట్టే పరీక్ష అన్నది రాయాలి. ఏ తేదీ నుంచి అమలన్నది రాయాలి. ఈ దారిన వచ్చినవారు సొంత పాస్టరేటులోనే ఉంటారా, ఎక్కడికైనా బదిలీ అవుతారా అన్నది ముందే తేల్చాలి. నా మటుకు, మొదటి పదేళ్లు సొంత పాస్టరేటులోనే ఉంచి, సీనియారిటీ జాబితా విడిగా పెట్టడమే మేలు. జీతం మాత్రం పనిని బట్టి ఇవ్వాలి. జాబితా వేరైనంత మాత్రాన కడుపు మాడ్చనక్కర్లేదు. పదో ఏట ఈ ఏర్పాటును మళ్లీ సభ ముందుకు తేవాలన్న షరతు కూడా తీర్మానంలోనే ఉండాలి, లేకపోతే తాత్కాలికమన్నది శాశ్వతమై కూర్చుంటుంది.

ముసాయిదాను కౌన్సిల్ సభ్యులకే పరిమితం చేయకుండా, ఓటింగుకు కనీసం రెండు నెలల ముందే ప్రతి పాస్టరేటు కమిటీకి తెలుగులో పంపాలి. ప్రభురాత్రి భోజనం కోసం మూడు నెలలు ఎదురుచూసే ఊరివాళ్లు అది చదివి, తమ మాట రాతపూర్వకంగా పంపే వీలుండాలి.

— ఒక సీఎస్ఐ సభ్యుడు