ముందు ఆ పిల్లతో ఒక్కదానితో మాట్లాడు

దోస్తూ,

బాగున్నవా? ఏటూరునాగారం దిక్కు పల్లె దవాఖానల నర్సుగ కుదురుకున్నవని విని మస్తు సంతోషమైంది. ఫోన్ల నువ్వు అడిగిన దానికి నాలుగు మాటల్ల జవాబు చెప్పలేను, అందుకే తీరుబాటుగ కూసోని రాస్తున్న. "డాక్టరమ్మ లేని రోజు పదహారేళ్ల పిల్ల కడుపుతోని వస్తే నేనేం చెయ్యాలె?" అన్నవు కదా. పరీక్షలున్నయి, గోలీలున్నయి, చట్టం ఉంది, అన్నీ రాస్త. కానీ వాటన్నిటికంటే ముందు ఒక పనుంది. ఆ పిల్లతో ఒక్కదానితో పది నిమిషాలు మాట్లాడు. ఆ పది నిమిషాలు దొరకకపోతే, తర్వాత నువ్వు రిజిస్టర్ల రాసే ఏ అంకెనూ నమ్మలేవు.

పిల్ల ఒక్కతే రాదు. తల్లో, అత్తో, పెద్దమ్మో వెంట ఉంటది. నువ్వు పిల్లనడిగితే ఆమె జవాబు చెప్తది. "మీరు బయట కూసోండి" అంటే అనుమానపడ్తది. అందుకే మూత్రం పరీక్షకు డబ్బా ఇచ్చి పిల్లను నువ్వే లోపలికి తీస్కపో. అంతసేపు ఆశ అక్క ఆ పెద్దామెతోని ఆధారు, బ్యాంకు బుక్కు వివరాలు రాయించుకుంట కూసుంటది. ఈ ఏర్పాటు ఆశ అక్కతోని ముందే మాట్లాడి పెట్టుకో.

తలుపు దగ్గరికేసినంక మొదటి ప్రశ్న కడుపు గురించి అడగకు. "అన్నం తిన్నవా బిడ్డా? రాత్రి నిద్ర పడుతుందా? ఇంట్ల ఎవరెవరుంటరు?" అని మొదలువెట్టు. తర్వాత చదువు. ఆ తర్వాతనే, "నీకిష్టం లేకుండ ఎవరన్న నీ మీద చెయ్యేసిన్రా? ఇంటికి పోతే నిన్నెవరన్న కొడ్తరా?" అని. "ఎవడే వాడు?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వేరేవాళ్లది. "పెళ్లయిందా లేదా?" అని మొదట్లనే అడిగితే కూడ, అయితే మంచి పిల్ల, కాకపోతే చెడ్డ పిల్ల అని నువ్వు తీర్పిచ్చినట్టే ఆమె చెవిన పడ్తది. ఆ మాటతోనే నోరు మూసుకుంటది, మళ్లీ తెరువదు.

ఇంకొకటి, "ఎవ్వరికీ చెప్పను" అని మాటియ్యకు. పిల్లల మీద లైంగిక నేరాలకు తెచ్చిన 2012 పోక్సో చట్టం ప్రకారం 18 నిండనోళ్లు అందరూ పిల్లలే. ఇష్టపడి పోయినా అంతే, పెళ్లయినా అంతే. భార్య వయసు 18 లోపు ఉంటే మొగనికి కూడ మినహాయింపు లేదని సుప్రీంకోర్టు 2017 అక్టోబరుల చెప్పింది. 19వ సెక్షన్ కింద తెలిసినోళ్లు ఎవరైనా పోలీసులకు తెలియజెయ్యాలె, నర్సుకు కూడ తప్పదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాక జైలు పడొచ్చు. అందుకని పిల్లకు సాఫుగ చెప్పు: "నీ ముచ్చట ఊర్ల ఎవ్వరికీ పోదు బిడ్డా. చట్టం చెప్పుమన్న చోట మాత్రం చెప్పాలె, కానీ నీకు తెలువకుండ చెప్ప." మాటిచ్చినంక ఇంటి ముందట జీపు ఆగితే ఏమైతదో ఆలోచించు. ఆ పిల్లతోపాటు ఆ ఊర్లె తర్వాత నెల తప్పిన పిల్లలు కూడ నీ గుమ్మం తొక్కరు. మెడికల్ షాపుల గోలీలు కొనుక్కుంటరు.

2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దగ్గర పెట్టుకో. ఇష్టంతో కడుపైన మైనరు గర్భం తీపిచ్చుకోను వస్తే, ఆ పిల్ల, ఆమె గార్డియన్ కోరితే, పోక్సో సమాచారంల పిల్ల పేరు, వివరాలు డాక్టరు రాయాల్సిన పని లేదని చెప్పింది. చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలువదు. తెలిస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి పోకుండ సర్కారు దవాఖానకు వస్తరు. బలవంతం జరిగిన కేసైతే చికిత్సకు ఎఫ్‌ఐఆర్ అవసరం లేదు, ఎప్పుడూ చికిత్సే ముందు. సాక్ష్యాల సేకరణ 96 గంటల లోపల జరగాలె, హెచ్‌ఐవీ రాకుండ మందులు 72 గంటల లోపల మొదలువెట్టాలె. అందుకే "రేపు రా" అని మాత్రం అనకు, వరంగల్ ఎంజీఎంకో, దగ్గరున్న పెద్ద దవాఖానకో అదే రోజు పంపు. రెండు వేళ్ల పరీక్ష ఎవ్వరూ చెయ్యొద్దు, అది నిషేధం. 1098 (పిల్లల సాయానికి), 181 (ఆడోళ్ల సాయానికి) నంబర్లు గోడ మీద రాసుంటే సరిపోదు, పిల్ల చేతులనో పుస్తకంలనో రాసి ఇయ్యి.

ఇగ నెలల లెక్క. ఈ వయసు పిల్లలకు నెలసరి ఒక్క తీరుగ రాదు, మొదటి రెండేళ్లు మరీ అటు ఇటు అయితది. "ఆఖరుసారి ఎప్పుడు?" అంటే "యాదికి లేదు" అంటరు. తారీఖు అడగకు, పండుగ అడుగు. "సద్దుల బతుకమ్మ నాడు ఆడినవా, బయట ఉన్నవా? సంక్రాంతికి? మేడారం పోయినప్పుడు?" బయటున్న పిల్ల గౌరమ్మను ముట్టదు, అది బాగ యాదుంటది. పండుగ దొరికినంక క్యాలెండరు ముందట పెట్టుకోని అక్కడి నుంచి ముందుకు, వెనుకకు లెక్కవెయ్యి. ఇంకో తిరకాసు కూడ ఉంది. కడుపు నిలిచిన కొత్తల కొద్దిగ కనిపించే ఎర్రను నెలసరి అనుకుంటరు. "ఎప్పటిలెక్కనే అయిందా, ఒకటి రెండు రోజులు చుక్కలు చుక్కలు అయిందా?" అని విప్పి అడుగు. చుక్కలే అయితే అంతకు ముందుదే లెక్క.

ఈ లెక్కల నాలుగు వారాలు తప్పితే పిల్ల బతుకే మారిపోతది. సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల దాక ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 దాక ఇద్దరు డాక్టర్లు కావాలె, మైనర్లు ఆ వెసులుబాటుల ఉన్నరు. 24 దాటితే కోర్టు మెట్లెక్కాల్సి వస్తది. 18 లోపు పిల్లకు గార్డియన్ రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. కానీ గార్డియన్ సంతకం పెట్టిండని పిల్ల ఒప్పుకున్నట్టు కాదు, ఆమెను వేరుగ అడగాలె. అటు ఇటుగ ఉంటే స్కానింగుకు అదే వారం పంపు. 14 వారాల లోపల తీసిన స్కానింగే నెలలను సక్కగ చెప్తది, ఆలస్యమైనకొద్ది తేడా పెరుగుతది.

కేసు పెట్టిన పిల్లకు గర్భం తీస్తే, ఆ కణజాలాన్ని డీఎన్‌ఏ పరీక్షకు దాచాలె. పక్కనే ఉంది కదా అని ఎవరన్న అలవాటు కొద్ది ఫార్మలిన్ల (కణజాలం కుళ్లకుండ దాచే ద్రావణంల) వేస్తే డీఎన్‌ఏ పాడైతది. ఇది పెద్ద దవాఖానల పనే, అయినా కేసు వెంట పోయే నర్సు గుర్తుచేస్తే ఆ కేసు నిలబడ్తది.

మెడికల్ షాపు గోలీలు ముందే మింగి వచ్చిన పిల్లను తిట్టకు. ఏ గోలీ, ఎన్ని, ఎప్పుడు అని అడుగు, అట్ట ఉంటే తెమ్మను. వరుసగ రెండు గంటలు, గంటకు రెండు ప్యాడ్లు నిండ తడుస్తుంటే, జ్వరముంటే, ఒక దిక్కు కడుపునొప్పితోని కండ్లు తిరుగుతుంటే 108కు ఫోన్ చెయ్యి. ఒక దిక్కు నొప్పి అంటే గర్భం గొట్టంల ఉన్నదేమో చూడాలె. దానికి ఆ గోలీలు పనిచెయ్యయి, లోపల పగిలితే గంటలల్ల ప్రాణం పోతది.

కడుపు ఉంచుకుంటున్న పిల్ల సంగతికొస్తే, ముందు వయసు నిజం రాయి. వెంట వచ్చినామె "పందొమ్మిది నిండినయి" అంటే అదే రాసుకుంటరు చానమంది. బడి బోనఫైడు, పదో తరగతి మెమో అడుగు. కల్యాణలక్ష్మికి 18 నిండాలె కాబట్టి వయసు కాగితాలు ఇంట్ల ఎక్కడున్నయో వాళ్లకు ఎరుకే ఉంటది. వయసు తప్పు రాస్తే ఆ పిల్ల ప్రమాదం ఎక్కువున్న గర్భిణుల జాబితాకు ఎక్కదు, పెద్ద డాక్టరు కంట పడదు.

బీపీ దగ్గర నువ్వు మనసు పెట్టాలె. ఈ పిల్లల చేతులు సన్నగ ఉంటయి. దవాఖానల ఉండేది పెద్దోళ్ల కఫ్ (బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ). సన్న చేతికి పెద్ద కఫ్ చుడితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తది. అసలు 144/92 ఉన్న పిల్లకు 130/80 చూసి "బాగనే ఉన్నవ్" అని ఇంటికి పంపేస్తరు. టేపు తీసుకోని భుజానికి, మోచేతికి నడుమ చుట్టుకొలత చూడు. 22 నుంచి 26 సెంటీమీటర్లైతే చిన్న కఫ్, అంతకు లోపలైతే పిల్లల కఫ్. లేకపోతే పీహెచ్‌సీకి ఇండెంటు పెట్టు. అదే టేపుతోని ఇంకో పని కూడ అయితది: 23 సెంటీమీటర్లకు తక్కువుంటే పిల్లకు తిండి చాలుతలేదన్నట్టు. ఐదు నిమిషాలు కూసోబెట్టి, చెయ్యి గుండె ఎత్తుకు పెట్టి చూడు. మొదటి నెలలల్ల 90/60 ఉండే పిల్లకు ఏడో నెలల 128/84 వస్తే, 140/90 కాలేదు కదా అని ఊరుకోకు. మూత్రంల ప్రోటీన్ చూడు, మూడు రోజులల్ల మళ్లీ రమ్మను. ఇరవై దాటినోళ్లకంటే పందొమ్మిది లోపు తల్లులకు గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ వచ్చుడు) ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెప్తుంది.

తలనొప్పి, కండ్లు మసక, పొట్ట పైభాగంల నొప్పి, మొఖం ఉబ్బుడు: ఈ నాలుగు గుర్తులు పిల్లకే కాదు, అత్తకు, మొగనికి కూడ నేర్పు. "గాలి సోకింది" అని వేపమండలతోని దిగదీసుకుంట రాత్రంత గడిపే ఇండ్లున్నయి. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పండబెట్టు, నోట్లె చెంచా పెట్టనియ్యకు. ఫిట్స్ ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్ 50 శాతం ద్రావణం, ఒక్కో పిర్రకు 5 గ్రాములు, మొత్తం 10 గ్రాములు, లోతుగ కండలకు ఇయ్యాలె. 2 మిల్లీలీటర్ల ఆంప్యూలుల 1 గ్రాము ఉంటది, అంటే పిర్రకు ఐదు ఆంప్యూళ్లు. పది ఆంప్యూళ్లు ఒక్క డబ్బల కట్టి పెట్టుకో, తేదీలు చూస్తుండు. ఆ గడియల వెతుక్కుంట కూసోలేం. మొదటి డోసు ఇచ్చి, టైము చీటీ మీద రాసి, పిల్ల వెంట నువ్వో, ఏఎన్ఎం అక్కో పోవాలె.

రక్తం సంగతి నీకెరుకే: హిమోగ్లోబిన్ (హెచ్‌బీ) 11 గ్రాముల లోపు రక్తహీనత, 7 లోపైతే నీ దగ్గర పెట్టుకోకు. హెచ్‌బీ చూసేటప్పుడు వేలు పిండొద్దు, కణజాలంల నీరు కలిసి తక్కువ చూపిస్తది. మొదటి చుక్క తుడిచి రెండోది తీస్కో. నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఐరన్ గోలీ, 180 రోజులు. రక్తం తక్కువుంటే రెండు. చాయ్ తాగిన గంట దాక మింగొద్దు. క్యాల్షియం గోలీకి దానికి రెండు గంటల ఎడం ఉండాలె, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు. విరేచనం నల్లగ అయితదని ముందే చెప్పు, చెప్పకపోతే భయపడి గోలీలు పారేస్తరు. రక్తం తక్కువున్న పిల్లకు హెచ్‌బీ నెలకు కనీసం 1 గ్రాము పెరగాలె, పెరగకపోతే పై దవాఖానకు పంపు. అంగన్‌వాడీల ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు ఉంటయి, కానీ పిల్ల సిగ్గుపడి పోదు. టీచరమ్మతోని మాట్లాడి అందరికంటే ముందొచ్చి తినిపోయేటట్టు చెయ్యి.

హాస్టలు పిల్లలకు వారానికి ఒక నీలం ఐరన్ గోలీ ఉంటది చూడు. అది అన్నం తిన్నంకనే మింగియ్యాలె. పరిగడుపున మింగి ఒక్క పిల్ల వాంతి చేసుకుంటే వారంల హాస్టలంత మానేస్తది.

కాన్పు నీ దగ్గర పెట్టుకోకు. 140 సెంటీమీటర్ల లోపు ఎత్తుంటే మరీను, కటి ఎముకలు ఇంకా పూర్తిగ ఎదగని పిల్లకు కాన్పుల బిడ్డ బయటికి రాక ఇరుక్కోవచ్చు. తొమ్మిదో నెల పడంగనే ఏ దవాఖాన, ఎవరి బండి, వెంట ఎవరు అన్నది రాసిపెట్టు. హన్మకొండ, వరంగల్ ప్రసూతి దవాఖానలు దూరం కాబట్టి వానకాలం వాగులు పొంగుతయేమో కూడ చూసుకో.

కాన్పైనంక అందరూ పసిబిడ్డనే చూస్తరు. నువ్వు ఆ పిల్లను చూడు. పాలు పడ్తున్నయా, జ్వరముందా, ఏడుస్తుందా, బిడ్డను ఎత్తుకోబుద్ధి అయితలేదా? రెండు వారాలు దాటినా అట్లనే ఉంటే మానసిక ఆరోగ్యం హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు కలిపియ్యి, డాక్టరుకు చూపియ్యి. మళ్లీ వెంటనే నీళ్లు పోసుకోకుండ చూసుడు ఇంకా పెద్ద పని. కాపర్ టీ కాన్పైన 48 గంటల లోపల వెయ్యాలె, లేకుంటే ఆరు వారాలకు; నడుమల వేస్తే జారిపోతది. ఛాయా గోలీ పాలిచ్చే తల్లికి మంచిదే, మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. అంతరా సూది పాలిచ్చేటోళ్లకు ఆరు వారాల తర్వాత. వేసినంక ఆ చోట రుద్దనియ్యకు, మందు తొందరగ కరిగిపోతది. నెలసరి ఆగుతది, చుక్కలు కనిపిస్తయి అని అత్తకు కూడ చెప్పు, చెప్పకుంటే రెండో సూదికి రాదు.

ఆ పిల్ల పదో తరగతి నడుమల ఆపేసిందా అని కూడ అడుగు. తెలంగాణ ఓపెన్ స్కూలుల పదో తరగతి, ఇంటర్ రెండూ ఉన్నయి, రోజూ బడికి పోవాల్సిన పని లేదు. అడ్మిషన్లు తెరిచినప్పుడు ఆశ అక్కతోని కబురు పెట్టు, దరఖాస్తు దగ్గర కూసోని నింపియ్యి. ఇట్లాంటి పిల్ల వచ్చి, ఏదన్న దగ్గర ఆగినవంటే నడిరాత్రైనా ఫోన్ చెయ్యి.

నీ దోస్తు