కేకు మీది పొడి సంగతి, కొంచెం ఆలస్యంగా

అందరికీ నమస్తే. అరకిలో బనానా కేకు ధర 280 నుంచి 300 అయింది. ముందు ఆ మాట చెప్పేస్తే నాకు టెన్షన్ తగ్గుతుంది. ఎందుకు పెరిగిందో చెప్పాలంటే మాత్రం ఒక తప్పు ఒప్పుకోవాలి, అందుకే ఇది రాయడానికి పది రోజులు పట్టింది.

మా డబ్బా మీద "అంతా ఇంట్లో చేసిందే" అని స్టిక్కర్ ఉంటుంది కదా. కేకు ఇంట్లో చేసిందే. అరటిపండ్లు ఇక్కడ మహబూబ్‌నగర్ రైతుబజార్‌లో నేనే ఏరి తెచ్చుకుంటా. కానీ పైన కరకరలాడే ఆ పొడి ఉంది చూశారా, మీలో సగం మంది కేకు కోయకముందే గిల్లుకుని తినేది, అది మొన్న మార్చి దాకా బకెట్‌లో హైదరాబాద్ నుంచి వచ్చేది. మూత తీసి చల్లడమే నా పని.

న్యూటౌన్‌లో ఉండే ఒక అక్క మెసేజ్ పెట్టింది: "కేకు మంచిగుంది గానీ మీద పొడి అంగిట్ల అతుకుతుంది, డాల్డా తిన్నట్టుంది, ఏమేస్తున్నవ్?" అప్పుడు మొదటిసారి బకెట్ తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివాను. మైదా, చక్కెర, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్, వెనిల్లా వాసన కోసం ఎసెన్స్. అంటే వెన్న చుక్క కూడా లేదు. అక్క నాలుక కరెక్టే. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి నోటి వేడికే మాయమవుతుంది, కొన్ని బేకరీ ఫ్యాట్‌లు అంతకంటే ఎక్కువ వేడికి గానీ కరగవు, అందుకే అంగిలికి పొరలాగా పట్టుకుంటాయి. ఆ బకెట్ రూల్ ప్రకారమే ఉండి ఉంటుంది, నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకు చెడు చేసే కొవ్వు) 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. తప్పు బకెట్‌ది కాదు, నా స్టిక్కర్‌ది.

సరే, ఇంట్లోనే చేద్దాం, ఇందులో ఏముంది, మైదా రెండు వంతులు, చక్కెర ఒక వంతు, వెన్న ఒక వంతు, చిటికెడు ఉప్పు, కలిపితే అయిపోయె అనుకున్నా. జర్మన్లు దీన్ని స్ట్రాయిజెల్ అంటారు, ఆ మాటకు మూలం చల్లడమే. చల్లడానికి ముందు అది పొడిగా ఉండాలి కదా! మొదటి రోజు నా చేతిలో ముద్దయింది. మా అత్తమ్మ గిన్నెలోకి చూసి, "ఇది మలీద లెక్కుంది, ఉండలు కట్టి బతుకమ్మకు పెట్టు" అన్నది. ఆమె నవ్వులాటకే అన్నా కిటుకంతా అందులోనే ఉంది. మలీదలో రొట్టె పిసికి, బెల్లం నెయ్యి వేసి ముద్ద కట్టేదాకా వదలం. ఇక్కడ ముద్ద కట్టబోయే ముందే చెయ్యి తీసెయ్యాలి. వెన్న కరగకుండా చిన్న చిన్న ముక్కలుగా పిండిలో మిగిలితేనే ఓవెన్‌లో పలుకులు పలుకులుగా కాలుతుంది. చేతిలోనే కరిగితే పైన అప్పడంలా ఒక అట్ట కడుతుంది. ఏప్రిల్ రెండో వారంలో మీలో కొందరికి వచ్చింది ఆ అట్టే, ఇప్పుడు చెబుతున్నా.

ఇక మే నెల. బయట 42 డిగ్రీలు, మా వంటగదిలో ఓవెన్ తోడు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న కత్తి పెట్టేలోపే మెత్తబడేది. చివరికి దారికొచ్చిన పద్ధతి ఇది: వెన్న ముందు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టి, తెల్లారి ఐదింటికి లేచి, కొబ్బరి తురిమినట్టు తురిమి పిండిలో వేసి, వేళ్ల కొసలతోనే, అరచెయ్యి తగలనివ్వకుండా, రెండు మూడు నిమిషాలు నలిపి, ట్రేలో పరిచి మళ్లీ అరగంట ఫ్రీజర్‌లో పెట్టడం. గడ్డకట్టిన పొడినే నేరుగా కేకు పిండి మీద చల్లి 180 డిగ్రీల ఓవెన్‌లోకి. కొన్ని పలుకులు శనగగింజంత, కొన్ని ఇసుకంత ఉండాలి, అన్నీ ఒకే సైజులో ఉంటే మళ్లీ బకెట్ సరుకులాగే కనిపిస్తుంది.

మైదా మొత్తం మైదానే ఎందుకని, 200 గ్రాముల్లో 60 గ్రాములు జొన్నపిండి వేస్తున్నా. జొన్నలో మైదాలో ఉన్న జిగురు ఉండదు, కాబట్టి పొడి ఇంకా రవరవగా వస్తుంది, పైగా రొట్టె కాలిన వాసన లైట్‌గా తగులుతుంది. మరీ ఎక్కువైతే గొంతులో రాలుతుంది, 100 గ్రాములు వేసి చూశా, మా ఆయన నీళ్ల చెంబు అడిగిండు. దాంట్లోకి మన పాలమూరు యాసంగి పల్లీలు వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచి వేస్తా. మిక్సీలో వద్దు, ఒక్క తిప్పు ఎక్కువైనా నూనె వదులుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. పల్లీలు పడనివాళ్లు, పిల్లలకు ఎలర్జీ ఉన్నవాళ్లు ఆర్డర్‌లోనే చెప్పండి. మొదటి వారం డబ్బాల మీద పల్లీల సంగతి రాయకుండానే పంపాను. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ అది అదృష్టం మాత్రమే. ఇప్పుడు పెద్ద అక్షరాలతో రాస్తున్నా. పల్లీలు లేని ట్రే శుక్రవారం ఒక్కరోజే చేస్తా, అయితే అదే వంటగది, అదే ఓవెన్ కాబట్టి, ఎలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లు మా దగ్గర అసలు తీసుకోకపోవడమే మంచిది.

చక్కెర బదులు మొత్తం బెల్లంపొడి వేయమని చాలామంది అడిగారు. వేశా. ఎండల్లో అదిరిపోయింది. మిరుగం (మృగశిర కార్తె) వచ్చి నాలుగు చినుకులు పడగానే కథ మారింది, బెల్లం గాలిలో తేమను పీల్చుకుంటుంది కదా, పొద్దున కరకరలాడిన పొడి సాయంత్రానికి చెమ్మగిల్లి వేళ్లకు అంటుకుంది. దానికి తోడు, తొందరలో నేను వేడి తగ్గకముందే డబ్బా మూత పెట్టేశాను, లోపల ఆవిరి నీళ్లై పొడి మీదే కారింది. జూన్ రెండో వారంలో మెత్తటి పొడితో వెళ్లినవి మొత్తం పద్దెనిమిది డబ్బాలు. అందుకని వానాకాలం అంతా సగం చక్కెర, సగం బెల్లం. కేకు కూడా రెండు గంటలు జాలీ మీద ఆరాకే ప్యాక్ అవుతుంది, కాబట్టి పొద్దున ఎనిమిదింటికే కావాలని మాత్రం అడగకండి, పదకొండు తర్వాతే. మీరు కూడా ఇంటికెళ్లాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు, మెత్తబడుతుంది. మెత్తబడితే 150 డిగ్రీల ఓవెన్‌లో ఐదారు నిమిషాలు, లేదంటే మూత పెట్టకుండా పెనం మీద సన్నసెగన. మైక్రోవేవ్‌తో ఇంకా పాడవుతుంది.

20 రూపాయలు వెన్నకూ, తెల్లవారుజాము పనికి తోడుగా పెట్టుకున్న అమ్మాయి జీతానికీ పోతున్నాయి. పాత స్టిక్కర్లు రెండు కట్టలు మిగిలాయి, చింపేశా. కొత్తదాని మీద ఏమేం వేశానో పేర్లే ఉంటాయి, "ఇంట్లో చేసింది" అనే మాట లేదు.

ఆ పద్దెనిమిది డబ్బాల వాళ్లలో పదకొండు మందికి మళ్లీ కేకు ఇచ్చాను. మిగతా ఏడుగురు ఎవరో నా పుస్తకంలో సరిగా రాసుకోలేదు. ఫోటోలు, రుజువులు అక్కర్లేదు, ఈ నెలాఖరులోపు వచ్చి "నాది మెత్తగైంది" అంటే చాలు, ఇస్తా.